విశాఖ పేర్లలో సమాసపు అతుకు: ఉచ్చారణాక్షర విభజన, ఊనిక – డచ్చి భాషతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

డచ్చి భాషలో సమాసం ఎంత పొడవైనదైనా దాని అవయవాల మధ్య హద్దు ఉచ్చారణలో చెక్కుచెదరదు. మొదటి అవయవం మీద పడే ఊనిక ఆ అవయవాలన్నిటినీ ఒకే పదంగా నిలబెడుతుంది. పదం అర్థాన్ని మార్చగలిగే ఊనిక తెలుగులో లేదు. పైగా సంధి అవయవాల హద్దును తరచు చెరిపివేస్తుంది. అలాంటప్పుడు తెలుగు వక్త, శ్రోత సమాసాన్ని సమాసంగా ఎలా గుర్తిస్తున్నారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. విశాఖపట్నం ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి సంబంధించిన పేర్లు, పరిసర తీరప్రాంతపు ఊళ్ల పేర్లు ఇందుకు ఆధారం. గురులఘు భేదం, సంధి చేయడం లేదా మానడం అనే రెండు సాధనాలు ఊనిక పనిలో కొంత భాగాన్ని నిర్వహిస్తున్నాయని, ఆధునిక పరిపాలనా పదాలలో సంధి మానడాన్ని కేవలం దోషంగా లెక్కించడం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సమాసం, ఉచ్చారణాక్షరం, ఊనిక, గురులఘువులు, విసంధి, విశాఖపట్నం, డచ్చి భాష.

1. ఉపోద్ఘాతం

17వ శతాబ్దం ఆరంభంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వర్తకులు తెలుగు తీరానికి వచ్చారు. 1605లో మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. తరువాత పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కనున్న జగన్నాయకపురం, విశాఖపట్నానికి ఉత్తరాన ఉన్న భీమునిపట్నం వారి స్థావరాలయ్యాయి. 1824 నాటి ఆంగ్ల–డచ్చి ఒప్పందాన్ని అనుసరించి 1825లో ఈ స్థావరాలు ఆంగ్లేయుల పరమయ్యాయి. భీమిలిలోని డచ్చివారి శ్మశానవాటిక, మచిలీపట్నంలోని వలందపాలెం అనే పేట పేరు ఆ కాలానికి మిగిలిన గుర్తులు.

రెండు శతాబ్దాలకు పైగా ఒకే తీరంలో వినిపించిన ఈ రెండు భాషలకూ దీర్ఘసమాసాల మీద మక్కువ ఎక్కువ. రెండూ రెండు మూడు పదాలను కలిపి ఒక పేరు చేయడంతో ఆగవు. ఆ పేరుకు మరొకటి తగిలించి కొత్త పేరు చేస్తాయి. అయితే అతుకు వేసే పద్ధతిలో ఈ రెండు భాషలకూ పోలిక లేదు. ఆ తేడాను గమనించడం తెలుగు సమాసపు స్వరూపాన్ని, ముఖ్యంగా ఈనాడు ముద్రణలోను, కంప్యూటరు తెరమీద, బహిరంగ ప్రకటనల్లోను ఎదురవుతున్న చిక్కులను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ‘అక్షరం’ అనే ఒకే మాట రాసే గుర్తుకూ, ఒక్క ఊపులో పలికే ధ్వనుల కూటమికీ చెల్లుతున్నది. ఈ వ్యాసంలో మొదటిదాన్ని లిప్యక్షరమని, రెండవదాన్ని ఉచ్చారణాక్షరమని వ్యవహరించడమైనది. పదంలో ఒక ఉచ్చారణాక్షరాన్ని మిగిలినవాటికంటె బలంగా పలకడం ఊనిక.

2. డచ్చి సమాసంలో హద్దు

డచ్చి భాషలో ‘స్టాల్’ అంటే ఉక్కు, ‘ఫాబ్రీక్’ అంటే కర్మాగారం. ఫాబ్రీక్ అనే మాటను విడిగా పలికినప్పుడు ఊనిక రెండవ అక్షరమైన ‘బ్రీక్’ మీద ఉంటుంది. ‘స్టాల్‌ఫాబ్రీక్’ అని కలిపినప్పుడు ప్రధానమైన ఊనిక ‘స్టాల్’ మీదికి మారుతుంది. ‘బ్రీక్’ మీద మిగిలేది రెండవ స్థాయి ఊనిక మాత్రమే. వినేవారికి ఇది రెండు మాటలు కాదని, ఒకే పేరని తెలిసేది ఇలాగే. ‘హావెన్’ అంటే ఓడరేవు, ‘అర్‌బెయ్‌దర్’ అంటే కార్మికుడు. రేవు కార్మికుణ్ణి ‘హావెన్‌అర్‌బెయ్‌దర్’ అంటారు. దీని అక్షర విభజన హా–వెన్–అర్–బెయ్–దర్. ఇక్కడ ‘వెన్’ చివరి నకారం తరువాతి అకారంతో కలిసి ‘వె–నర్’ కాదు. రెండు అచ్చుల మధ్య హల్లు రెండవ అచ్చుతో చేరడం డచ్చిలో కూడా సహజమే. కాని సమాసపు హద్దు దానికి అడ్డు నిలుస్తుంది. ఖేర్ట్ బొయ్ 1995లో ప్రచురించిన డచ్చి ధ్వనిశాస్త్ర గ్రంథం ఈ సంగతిని వివరంగా చర్చించింది. సమాసంలోని ప్రతి అవయవమూ ఉచ్చారణ దృష్ట్యా ఒక స్వతంత్ర పదంగా ప్రవర్తిస్తుందని, అక్షర విభజన ఆ హద్దును దాటదని దాని సారాంశం.

పంక్తి చివర మాటను విరిచేటప్పుడు కూడా డచ్చివారు ఈ హద్దునే పాటిస్తారు. హద్దు ఎక్కడుందో తెలియకపోతే అర్థమే మారిపోతుంది. ‘క్వార్ట్‌స్లాఖెన్’ అనే మాటను క్వార్ట్, స్లాఖెన్ అని విడదీస్తే పావు చుట్లు. క్వార్ట్స్, లాఖెన్ అని విడదీస్తే స్ఫటికశిల పొరలు. రెండింటి వర్ణక్రమమూ ఒక్కటే. పిల్లల ఉత్సవపు ఊరేగింపు సన్నాహక పనులు అనే అర్థంలో 49 అక్షరగుర్తులున్న ఒక డచ్చి సమాసాన్ని ఆ భాషలోని పొడవైన మాటలకు ఉదాహరణగా తరచు చూపుతుంటారు. కిందెర్, కార్నవాల్స్, ఒప్తొఖ్త్, ఫోర్‌బెరెయ్‌దింగ్స్, వెర్క్‌జామ్‌హేదెన్ అనే అవయవాలను పేర్చితే అది తయారవుతుంది. దానిలో 15 ఉచ్చారణాక్షరాలు ఉన్నా ప్రధానమైన ఊనిక మొదటి అక్షరమైన ‘కిన్’ మీదనే. ‘కార్నవాల్’, ‘ఫోర్‌బెరెయ్‌దింగ్’ అనే మాటల చివర చేరిన సకారం అతుకు కోసం వచ్చిన ధ్వనియే తప్ప దానికి అర్థం లేదు. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. ‘సముద్రపుటొడ్డు’లో పకారమూ టకారమూ చేసే పని ఇలాంటిదే.

డచ్చిలో ఊనిక అర్థభేదకం కూడా. ‘ఫోర్‌కోమెన్’ అనే మాటను మొదటి అక్షరం నొక్కి పలికితే ‘జరుగుట, కనబడుట’ అని అర్థం. రెండవ అక్షరం నొక్కితే ‘నివారించుట’. ఇలాంటి జంట తెలుగులో వెతికినా దొరకదు.

3. ‘పట్నం’లో రెండు విభజనలు

విశాఖపట్నం అనే పేరును తెలుగులో రాసేటప్పుడు వి, శా, ఖ, ప, ట్నం అని ఐదు లిప్యక్షరాలు వస్తాయి. పలికేటప్పుడూ ఐదే, కాని అవి వేరు: వి–శా–ఖ–పట్–నం. లిపిలో టకారం నకారంతో ముడిపడి తరువాతి అక్షరంలో చేరింది. ఉచ్చారణలో ముందున్న పకారాన్ని మూసివేసింది. తెలుగు లిపికి ‘పట్’ను ఒకే గుర్తుగా చూపే సదుపాయం లేదు. పొల్లు పెట్టి ‘పట్‌నం’ అని రాయవచ్చు గాని, అలా రాసేవారు అరుదు.

ఛందశ్శాస్త్రం ఈ సంగతిని వేరొక దారిలో గుర్తించింది. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువవుతుందని దాని సూత్రం. ‘పట్నం’లో ప రాతలో హ్రస్వమే అయినా గణవిభజనలో గురువు. లాక్షణికులు మూసిన అక్షరం, తెరిచిన అక్షరం అనే మాటలు వాడకపోయినా, వారి లెక్క ఉచ్చారణాక్షరపు బరువునే కొలుస్తున్నది. తెలుగు పాఠకుడు చూసే విభజన ఒకటి, అతని చెవి లెక్కపెట్టే విభజన మరొకటి అన్నమాట.

‘పట్నం’ కూడా ‘పట్టణం’ నుంచి కుదించుకుపోయిన రూపమే. పట్–ట–ణం అనే మూడక్షరాలలో నడిమిది లఘువు, తెరిచిన అక్షరం. దాని అచ్చు లోపించి రెండక్షరాల పట్–నం మిగిలింది. ‘కలుగు’ ‘కల్గు’ అయినట్లే, పదమధ్యంలోని హ్రస్వాచ్చు లోపించడం తెలుగులో చిరకాలంగా ఉన్న ప్రవృత్తి. వాడుకలో వినిపించే ‘విశాపట్నం’ దాన్ని మరొక అడుగు ముందుకు తీసుకువెళ్లింది. శా, పట్ అనే రెండు గురువుల మధ్య చిక్కిన లఘువు ‘ఖ’ జారిపోయింది. సమాసపు అతుకు సరిగ్గా ఆ ఖకారం తరువాతే ఉన్నదని గమనించాలి. డచ్చిలో ఊనిక లేని అవయవం కూడా హద్దు దగ్గర తన హల్లును కాపాడుకుంటుంది. ఇక్కడ హద్దును ఆనుకొని ఉన్న అక్షరమంతా పోయినా పేరు చెడలేదు. చెవి పట్టుకొన్నది గురువులను.

4. తెలుగులో ఊనిక

తెలుగులో ఊనిక లేదని అనడం సులభమే గాని అది పూర్తి నిజం కాదు. ఏ తెలుగు వాక్యాన్ని విన్నా కొన్ని అక్షరాలు మిగిలినవాటికంటె ప్రస్ఫుటంగా వినిపిస్తాయి. లీ లిస్కర్, భద్రిరాజు కృష్ణమూర్తి 1991లో ఫ్రాన్సులోని ఎక్స్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సమావేశానికి సమర్పించిన పత్రం ఈ విషయాన్నే చేపట్టింది. ‘ఊనిక లేని’ భాషగా పేరుపడిన తెలుగులో పదాలకు ఊనిక వినిపిస్తుందా అని తెలుగు మాతృభాషగా గల భాషాశాస్త్రజ్ఞులనూ, ఆంగ్లం మాతృభాషగా గలవారినీ అడిగి వారి నిర్ణయాలను పోల్చడం ఆ పత్రంలోని పద్ధతి. అక్కడ ‘ఊనిక లేని’ అనే మాటను ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచడం గమనార్హం.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేయాలి. ఒక అక్షరం చెవికి బలంగా తోచడం ఒకటి. ఆ బలం పదాల అర్థాన్ని వేరుచేయడం, లేదా సమాసాన్ని పదబంధం నుంచి వేరుచేయడం మరొకటి. తెలుగులో మొదటిది ఉంది, రెండవది లేదు. అర్థాన్ని వేరుచేసే పనిని అచ్చు నిడివి, హల్లు ద్విత్వం చేస్తాయి. కల–కాల, పలక–పాలక, గది–గద్ది వంటి జంటలు చాలు. ఒక మాటను నొక్కి చెప్పదలచినప్పుడు కూడా తెలుగువారు గొంతుకంటె ముందు ప్రత్యయాన్ని ఆశ్రయిస్తారు: విశాఖే, విశాఖలోనే.

మరి సమాసాన్ని పదబంధం నుంచి వేరుచేసే పని ఎవరిది? ‘విశాఖ ప్రాంతం’ అని రెండు మాటలుగా చదివితే ఖకారం లఘువు. ‘విశాఖప్రాంతం’ అని సంస్కృత సమాసంగా ఒకే ఊపులో చదివితే ‘ప్ర’కు ముందున్న ఖకారం గురువవుతుంది: వి–శా–ఖప్–రాం–తం. సంస్కృత సమాసంలో ఉత్తరపదం మొదట సంయుక్తాక్షరం ఉంటే పూర్వపదాంత లఘువు గురువవుతుందని, విడివిడి తెలుగు పదాల మధ్య ఆ నియమం వర్తించదని పద్యం రాసే ప్రతివారికీ తెలుసు. దీన్ని ఛందోనియమంగా మాత్రమే నేర్పడం అలవాటైపోయింది. నిజానికి డచ్చివాడు ఊనికను మొదటి అవయవం మీదికి మార్చి సూచించే ‘ఇది ఒకే పేరు’ అనే సంగతిని తెలుగువాడు ఇక్కడ ఒక లఘువును గురువు చేసి సూచిస్తున్నాడు. ఈ సాధనానికి పరిధి చిన్నది. ఉత్తరపదం సంయుక్తాక్షరంతో మొదలైతేనే అది పనిచేస్తుంది.

5. తీరంలోని పేర్లు పరభాషీయుల నోట

ఊనిక గల భాషల వారు తెలుగు సమాసాలను విన్నప్పుడు ఏమి నిలుపుకొన్నారో, ఏమి జారవిడిచారో వారి రాతల్లో కనిపిస్తుంది. డచ్చివారి కాగితాలలో ద్రాక్షారామం ‘దాట్సెరోమ్’ అయింది, నాలుగక్షరాల పేరు మూడక్షరాలకు కుదించుకుపోయింది. జగన్నాయకపురం ‘జగ్గర్‌నాయిక్‌పూరం’ అయింది. ‘నాయక’లోని చివరి రెండు లఘువులూ విడిగా నిలవలేక ఒకే మూసిన అక్షరంలో కలిసిపోయాయి. అయితే ‘పూరం’ అనే ఉత్తరపదం మాత్రం చెక్కుచెదరలేదు. సమాసాల మీద పట్టున్న డచ్చివారికి ఇలాంటి పేర్లు ఎన్నో వినగా వినగా ‘పురం’ ఒక అవయవమని తెలిసి ఉండాలి.

ఆంగ్లేయుల రాతలో ఈ తీరపు పట్నాలన్నీ ‘పటం’ అయ్యాయి: విజగపటం, బిమ్లిపటం, మసులిపటం. టకారం తరువాతి నకారం పోవడంతో ‘పట్’ అనే గురువు ‘ప’ అనే లఘువుగా మారింది. అతుకు తరువాతి అక్షరానికి ఉన్న బరువు పోయింది. బిమ్లిపటంలో భీమునిలోని ఉకారం కూడా లేదు. అయితే ఆ మార్పునంతటినీ పరభాషీయుల మీద వేయడానికి వీలు లేదు. భీమునిపట్నం తెలుగువారి నోటనే భీమిలిగా మారింది. ఆ మార్పును నడిపినదీ పదమధ్యపు లఘువే.

‘వైజాగ్’ వేరే కథ. ఐదక్షరాల సమాసంలో మొదటి రెండక్షరాలను, మూడవదాని హల్లును మాత్రమే నిలుపుకొని మిగిలినదంతా కత్తిరించడం ఆంగ్లపద్ధతి. సమాసపు అతుకును అది ఎంతమాత్రం పట్టించుకోలేదు. విశాఖలో మొదటి అక్షరం లఘువు, వైజాగ్‌లో అది గురువు. ఆంగ్లంలో ఊనిక పడిన మొదటి అక్షరం తెలుగు చెవికి దీర్ఘంగా వినిపించడం సహజమే. ఆంగ్లలిపిలోని ‘ఐ’ అనే గుర్తు పేరు కూడా ఇందుకు తోడై ఉండవచ్చు. కారణమేదైనా ఫలితం ఒక్కటే: ఆంగ్లపు ఊనిక తెలుగులో నిడివిగా స్థిరపడింది. ఊనికను ఊనికగా తీసుకొనే చోటు తెలుగు ధ్వనివ్యవస్థలో లేదు.

6. నౌకాశ్రయం, కర్మాగారం, ఓడరేవు, స్టీలుప్లాంటు

విశాఖపట్నానికి నేటి రూపం ఇచ్చిన రెండు సంస్థలకు తెలుగులో రెండేసి జతల పేర్లున్నాయి. 1933లో ప్రారంభమైన రేవును పత్రికలూ ప్రభుత్వపత్రాలూ నౌకాశ్రయం అంటాయి. జనం ఓడరేవు అనో పోర్టు అనో అంటారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు సంస్థ కాగితాలమీద కర్మాగారం, నోటిమీద స్టీలుప్లాంటు.

నౌకా, ఆశ్రయం అనే రెండు మాటలు కలిసి నౌకాశ్రయమైంది. కర్మ, ఆగారం కలిసి కర్మాగారమైంది. రెండూ సవర్ణదీర్ఘసంధులే. ఇక్కడ అవయవాల హద్దు రెండు అక్షరాల మధ్య లేదు. ‘కా’లోని ఆకారంలో, ‘మా’లోని ఆకారంలో ఉంది. ఆ దీర్ఘాచ్చులో మొదటి సగం పూర్వపదానిది, రెండవ సగం ఉత్తరపదానిది. అలాంటి హద్దు దగ్గర ఏ నాలుకా ఆగలేదు. డచ్చి పద్ధతిలో అవయవానికొక ఊనిక పెట్టాలన్నా ‘ఆగారం’ మొదటి అక్షరం విడిగా లేదు. కర్మాగారంలోని నాలుగక్షరాలూ గురువులే కాబట్టి బరువు తేడా కూడా అతుకును చూపదు. ఫలితంగా ఈ మాటలు చాలామందికి సమాసాలుగా కాక విడదీయరాని మాటలుగానే తెలుసు. ‘ఆగారం’ అంటే ఇల్లు అని తెలియకుండానే కర్మాగారం అనే మాటను జీవితమంతా వాడవచ్చు.

ఓడరేవు అందుకు భిన్నం. ఓ–డ, రే–వు: గురులఘువులు రెండుసార్లు వరుసగా వచ్చాయి. అతుకు సరిగ్గా నడుమ ఉంది. స్టీలుప్లాంటు కూడా అదే తూకం: స్టీ–లు, ప్లాం–టు. ఆంగ్లంలో ఒక్కొక్క అక్షరమే ఉన్న రెండు మాటలకు చివర ఉకారాలు చేర్చి తెలుగు వాటిని రెండేసి అక్షరాలు చేసింది. ‘ప్లాం’కు ముందున్న ‘లు’ లఘువుగానే ఉంటుంది, సంస్కృత సమాసంలో వలె గురువు కాదు. అంటే నాలుక ఈ మాటను సంస్కృత సమాసాల వరుసలో చేర్చలేదు. పరభాషాపదమని దూరంగానూ పెట్టలేదు. ఓడరేవు పక్కన కూర్చోబెట్టింది.

వ్యాకరణం సంస్కృత సమాసాన్ని సిద్ధమనీ సాధ్యమనీ విభజించి, ఆచ్ఛిక, మిశ్ర సమాసాలను వేరుగా చెప్పింది. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ సమాసపరిచ్ఛేదంలోని ఈ విభాగాలను సాధారణంగా పదాల పుట్టుకను బట్టి బోధిస్తారు. ఉచ్చారణ దృష్టితో చూస్తే ఇవి అతుకు కనబడే తీరులు కూడా. ఉక్కు ఉద్యోగుల నివాసప్రాంతానికి పెట్టిన ‘ఉక్కునగరం’ అనే పేరు ఆచ్ఛికమూ తత్సమమూ కలిసిన మిశ్ర సమాసం. పండితులు వైరిసమాసమని నొసలు చిట్లించడానికి అవకాశమున్న పేరే. అయినా ఉక్–కు–న–గ–రం అన్నప్పుడు అతుకు స్పష్టంగా వినిపిస్తుంది. ఊరి పేరుకు అంతకంటె కావలసిందేమీ లేదు.

7. జలఉష, జలప్రభ

1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ విశాఖపట్నంలోని సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో ఒక ఓడను జలప్రవేశం చేయించారు. స్వతంత్రభారతంలో నిర్మితమై నీటిలోకి దిగిన మొదటి పెద్ద ఓడగా పేరుపొందిన దాని పేరు జలఉష. ‘జల’, ‘ఉష’ రెండూ సంస్కృతపదాలు. సూర్య, ఉదయం కలిస్తే సూర్యోదయమైనట్లే జల, ఉష కలిస్తే జలోష కావాలి. గుణసంధి నిత్యం. అయినా పేరు జలోష కాలేదు.

వ్యాకరణం దృష్టిలో ఇది విసంధి. కాని పేరు పెట్టినవారి అవసరాన్ని చూడాలి. సింధియా ఓడలకు ‘జల’ అనే మాట పూర్వపదంగా ఉండడం ఆనవాయితీ. అదే కేంద్రంలో తరువాత తయారైన ఓడ జలప్రభ. జలోష అంటే ఆ వరుసను గుర్తుచేసే ‘జల’ చెవికి అందదు, ‘ఉష’ అసలే అందదు. మాత్రల లెక్కలో జలఉషకూ జలోషకూ తేడా లేదు. మొదటిది నాలుగు లఘువులు, రెండవది లఘువు, గురువు, లఘువు. రెండూ నాలుగు మాత్రలే. తేడా అక్షరాల సంఖ్యలో ఉంది, అతుకు వినబడడంలో ఉంది. సంధి మానడమే ఇక్కడ హద్దురాయి.

జలప్రభలో సంధి సమస్య లేదు గాని బరువు మారింది. జలఉషలో రెండు లఘువులుగా ఉన్న ‘జల’, జలప్రభలో ‘ప్ర’ ప్రభావంతో లఘువు, గురువు అయింది. ఒకే పూర్వపదం రెండు ఓడల పేర్లలో రెండు రకాలుగా తూగింది. డచ్చి సమాసంలో పూర్వపదానికి ఇలాంటి స్థితి రాదు. అన్నట్లు, రోమను లిపిలో జలఉషను ఒకే మాటగా కలిపి రాస్తే నడిమి రెండు అచ్చులనూ ‘ఔ’ అని చదివే ప్రమాదముంది. తెలుగు లిపిలో ‘ఉ’ తన పూర్తి రూపంతో మాట నడుమ నిలబడి అలాంటి పొరపాటుకు చోటివ్వదు. మాట మధ్యలో అచ్చును తలకట్టు, కొమ్ము వంటి గుర్తుగా గాక పూర్తి అక్షరంగా రాయడం మన లిపిలో అరుదు కాబట్టే అది కంటికి ఆనుతుంది.

8. విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు

1966లో ఉక్కు కర్మాగారాన్ని విశాఖలో స్థాపించాలని ఆంధ్రప్రదేశ్ అంతటా ఉద్యమం నడిచింది. టి. అమృతరావు నిరాహారదీక్ష పూనారు. ఆ ఏడాది నవంబరు 1న జరిగిన కాల్పులతో సహా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయినట్లు చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగార స్థాపనను ప్రకటించారు. ఆ ఉద్యమపు నినాదం తెలుగువారిలో తెలియనివారుండరు: విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు.

ఈ నినాదాన్ని తూచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘విశాఖ’ లఘువు, గురువు, లఘువు కలిసి నాలుగు మాత్రలు. ‘ఉక్కు’ మూడు. ‘ఆంధ్రుల’ గురువు, రెండు లఘువులు కలిసి నాలుగు. ‘హక్కు’ మూడు. ఒకరు పలికే సగమూ ఏడు మాత్రలే, జనం బదులు పలికే సగమూ ఏడు మాత్రలే. లోపలి విరుపు కూడా రెండింటిలోనూ నాలుగు, మూడు. గురజాడ 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరంలో పాదానికి 14 మాత్రలు, నడక మూడు, నాలుగు. నినాదం మొత్తం కూడా 14 మాత్రలే, నడక తిరగబడి నాలుగు, మూడు అయింది. నినాదం కట్టినవారు ఆ ఛందస్సును తలచుకొన్నారని దీని అర్థం కాదు. ఈ ప్రాంతపు చెవికి ఆ తూకం కొత్త కాదని మాత్రమే.

ఇక అతుకు సంగతి. విశాఖ, ఉక్కు అనే మాటల మధ్య అకారసంధి బహుళం. చేయవచ్చు, మానవచ్చు. చేస్తే ‘విశాఖుక్కు’. అప్పుడు వి, శా, ఖుక్, కు: ఒకటి, రెండు, రెండు, ఒకటి, వెరసి ఆరు మాత్రలు. ఏడుకు ఏడు జవాబు చెప్పే తూకం చెడిపోతుంది. సంధి లేనిచోట అచ్చుకు యడాగమం రావాలన్న నియమం పాటిస్తే ‘విశాఖయుక్కు’. దానికి మాత్రలు ఏడే. వేగంగా అరిచేటప్పుడు వినిపించే సన్నని యకారం ఆ నియమానికి సజీవసాక్ష్యం. కాని గోడమీద ఎవరూ ‘విశాఖయుక్కు’ అని రాయలేదు. ‘ఉక్కు’ అనే మాట తన అచ్చుతో, తన ద్విత్వంతో పూర్తిగా కనబడాలి. ‘హక్కు’తో అంత్యప్రాస కుదిరేది ‘ఉక్’ తన అచ్చుతో స్వచ్ఛంగా వినబడినప్పుడే.

నినాదం అరిచేటప్పుడు బలం ఎక్కడ పడుతుందో వినాలి. ‘ఉక్’, ‘హక్’ అనే రెండు మూసిన అక్షరాల మీద పడుతుంది. డచ్చివాడైతే ‘విశాఖఉక్కు’ను సమాసంగా భావించి మొదటి మాటమీద ఊనిక పెట్టేవాడు. అప్పుడు ప్రధానమయ్యేది ఊరు. తెలుగు నినాదంలో బలం ఉక్కు మీద, హక్కు మీద నిలిచింది. 2021 జనవరిలో ఈ కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రప్రభుత్వం నిర్ణయించిన తరువాత కార్మికులు అదే నినాదాన్ని మళ్లీ ఎత్తుకొన్నారు. అర్ధశతాబ్దం గడిచినా ఒక్క మాత్రయినా మారలేదు.

9. పంక్తి చివర

సీసపు అచ్చుల కాలంలో తెలుగు పుస్తకాలలో పంక్తి నిండగానే మాటను ఏ లిప్యక్షరం తరువాతనైనా విరిచి, గీత కూడా పెట్టకుండా మిగిలినది కిందిపంక్తిలో వేసేవారు. పాఠకులు దానికి అలవాటుపడ్డారు. కంప్యూటరు తెరమీద పరిస్థితి తిరగబడింది. ప్రత్యేకమైన ఏర్పాటు లేనప్పుడు తెలుగు మాట ఖాళీ ఉన్నచోట తప్ప విరగదు. అందువల్ల దీర్ఘసమాసం వచ్చిన ప్రతిచోటా పై పంక్తిలో పెద్ద ఖాళీ మిగులుతుంది, లేదా చిన్న తెరమీద మాట అంచు దాటిపోతుంది. దీనికి విరుగుడుగా సంతోష్ తొట్టింగల్ భారతీయభాషలకు రూపొందించిన విరుపు నమూనాలలో తెలుగు కూడా ఉంది. లిప్యక్షరం ఎక్కడ ముగుస్తుందో అవి సరిగానే గుర్తిస్తాయి. సమాసం ఎక్కడ అతికిందో గుర్తించడం వాటి పని కాదు. కాబట్టి ‘విశాఖప’ ఒక పంక్తిలో, ‘ట్నం’ మరొక పంక్తిలో పడడం వాటి దృష్టిలో తప్పు కాదు.

చదివేవారికి మాత్రం అది ఇబ్బందే. ‘విశాఖప’ దగ్గర ఆగిన కన్నుకు పకారం లఘువా గురువా తెలియదు. కిందిపంక్తిలోని ‘ట్నం’ చూసి వెనక్కు వచ్చి సరిదిద్దుకోవాలి. పైకి చదివేవారు, కొత్తగా చదువు నేర్చుకుంటున్న పిల్లలు అక్కడ తడబడతారు. డచ్చి భాషకు విరుపు నియమాలు కూర్చినవారు సమాసాల హద్దులకు ప్రాధాన్యమిచ్చారు. తెలుగుకు కూడా తరచు వచ్చే ఉత్తరపదాల జాబితా ఒకటి తయారుచేసి – పట్నం, పురం, నగరం, పేట, పాలెం, రేవు, సంస్థ, కేంద్రం వంటివి – వాటి ముందు విరుపుకు మొదటి అవకాశమివ్వడం కష్టమైన పని కాదు. అలాంటి హద్దు దొరకనప్పుడే లిప్యక్షరపు విరుపు. అప్పుడు కూడా సంయుక్తాక్షరానికి ముందు విరవకుండా చూడడం మేలు, ఎందుకంటే అక్కడ విరిస్తే ఉచ్చారణాక్షరమే రెండుగా చీలుతుంది.

సవర్ణదీర్ఘసంధి జరిగిన మాటలకు ఈ జాబితా ఉపయోగపడదు. కర్మాగారాన్ని కర్మ, ఆగారంగా విరవలేము. ‘కర్మా’ తరువాత విరిస్తే మిగిలే ‘గారం’ అర్థం లేని ముక్క. ఇక్కడే పరిపాలనా పదాల సమస్య వస్తుంది. ‘నగరాభివృద్ధి’ అని రాయాలా, ‘నగర అభివృద్ధి’ అని రాయాలా అన్న ప్రశ్న పత్రికాసంపాదకులకు, అనువాదకులకు తరచు ఎదురవుతున్నది. రెండవ రీతిని తప్పుగా దిద్దడం పాఠశాల నుంచి వచ్చిన అలవాటు. కావ్యంలో విసంధి దోషమే, అందులో సందేహం లేదు. కాని నాలుగైదు పదాల అధికారిక నామంలో, ప్రతి అవయవమూ వేరొక సంగతిని చెబుతున్నప్పుడు, వినేవారికి ఏ అవయవం ఎక్కడ మొదలవుతుందో తెలిపే ఊనిక మన భాషలో లేనప్పుడు, ఆ పనికి మిగిలింది ఖాళీ, విడి అచ్చు. ఓడకు జలఉష అని పేరుపెట్టినవారు, గోడలమీద విశాఖ ఉక్కు అని రాసినవారు ఆ సాధనాన్ని వాడుకున్నారు. ‘నగర అభివృద్ధి’లోని అకారాన్ని కొట్టివేసేముందు ఆ మాట పద్యంలో ఉందా, బస్సు ఎక్కబోయేవాడు పరుగులో చదివే బోర్డుమీద ఉందా అని సంపాదకుడు చూసుకోవలసి ఉంటుంది.